వేలిముద్రకు సాక్షి ఏడీ?

సంపాదకుడిగారికి నమస్కారం.

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్లలో పోస్ట్‌మ్యాన్‌గా పనిచేసి రిటైరయ్యాను. పింఛను మనియార్డర్లు ఎన్ని పంచానో లెక్కలేదు. చదువురాని ముసలమ్మ ఫారం మీద వేలిముద్ర వేస్తే, పక్కన ఊళ్లోవాళ్లు ఎవరో ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. సాక్షి కోసం ఎర్రటెండలో అరుగుమీద గంటసేపు కూర్చున్న రోజులున్నాయి. అప్పట్లో విసుక్కునేవాణ్ణి. మా వాళ్లందరూ హరిశ్చంద్రులని చెప్పను. టీ ఖర్చులకని పది రూపాయలు నొక్కేసినవాళ్లూ ఉన్నారు. కానీ పక్కన మూడో మనిషి ఉన్నాడన్న బెరుకు మాత్రం ఉండేది.

ఇప్పుడు వేలిముద్ర మెషిన్ మీద పడుతోంది. సాక్షి లేడు.

ఒడిశాలో సుభద్ర పథకం 2024 సెప్టెంబరు 17న మొదలైంది. 21 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న అర్హులైన ఆడవాళ్లకు ఏడాదికి రెండు విడతలుగా 10,000 రూపాయలు ఖాతాలో వేస్తారు. మా వదిన ఒక విడత 5,000 తీసుకుందామని ఊళ్లో వేలిముద్రతో డబ్బులిచ్చే అబ్బాయి దగ్గరికి వెళ్లింది. వేలు పెట్టమన్నాడు, సర్వర్ లేదన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు, రేపు రమ్మన్నాడు. మర్నాడు ఇంకోచోట చూపిస్తే ఖాతాలో 3,000 ఉన్నాయి. మెసేజ్ వచ్చింది, ఇంగ్లీషులో. అది వచ్చిన నంబరేమో సూరత్‌లో పని చేసుకుంటున్న కొడుకు దగ్గరుంది. నలుగురం వెళ్లి గట్టిగా నిలదీస్తే ‘మెషిన్ తప్పు’ అంటూ 2,000 తిరిగిచ్చాడు. వెనకాల నలుగురు లేని ఆడమనిషి సంగతేమిటి?

సంక్షేమ పథకాల్లో మోసం అరికట్టాలి అనగానే ఆఫీసుల్లో అందరి చూపూ సరిహద్దు జనం మీదే పడుతుంది. ఇటూ అటూ రెండు కార్డులున్నాయట, ఏరేయండి, అంటారు. ఉన్నాయి, కాదనను. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రలోని పాతపట్నం. 2024 జులై నుంచి అక్కడ వృద్ధాప్య పింఛను నెలకు 4,000. ఇక్కడ 80 ఏళ్లలోపు వారికి 1,000. ఆశ పుట్టదా మరి? ఆధార్‌లో అడ్రసు మార్చుకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు, అది తప్పే. ఆంధ్ర, ఒడిశా రెండూ మావేనంటున్న కోరాపుట్ జిల్లా కొఠియా ఊళ్ల సంగతి వేరు. అక్కడ రెండు ప్రభుత్వాలే పోటీలుపడి కార్డులు పంచాయి. దాన్ని జనం చేసిన మోసమని ఏ నోటితో అంటాం?

ఈ ఏరివేతలో నిజంగా చితికేది శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి వచ్చిన కోడళ్లు. పుట్టింటి రేషన్ కార్డులో పేరు తీయించి కాగితం తెచ్చుకోవడానికే చెప్పులరుగుతాయి. అది తెచ్చినా పేరు దగ్గర పేచీ. మనకు ఇంటిపేరు ముందు, ఒడియావాళ్లకు చివర. ఆధార్‌లో ఒక వరస, కార్డులో ఇంకో వరస, పాస్‌బుక్‌లో ఇంటిపేరుకు పొడి అక్షరమే. కంప్యూటర్ ఒక్క మనిషిని ముగ్గురిగా చూస్తుంది. ఇక ఈ-కేవైసీ (ఆధార్‌తో వివరాలు సరిచూడటం) అంటే టెన్షన్ కాక ఏముంటుంది?

కార్డులు ఏరడం ఎలాగూ ఆగదు. దాంతోపాటు వేలిముద్ర దగ్గర జరిగే దొంగతనాన్ని కూడా పట్టించుకోమంటున్నాను. వేలు పెట్టిన ప్రతిసారీ, డబ్బు రాకపోయినా సరే, చీటీ చేతికివ్వాలి. అందులో తెలుగు ఉండాలి. మా పెద్దవాళ్లలో చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పంచాయతీ గోడమీద లబ్ధిదారుల జాబితా రెండు భాషల్లో రాస్తే పోయేదేమీ లేదు; చనిపోయినవాళ్ల పేరున ఎవరు తింటున్నారో ఊరే చెబుతుంది. 2013 నాటి ఆహార భద్రత చట్టం 28వ సెక్షన్ రేషన్ దుకాణాల మీద సామాజిక తనిఖీ చేయాలంటోంది. ఆ తనిఖీలో చదివే లెక్కలు మాకు తెలిసిన భాషలో చదవాలి కదా!

ఈలోపు పాఠకులకు ఒక మాట. ఆధార్ వేలిముద్రల్ని లాక్ చేసుకునే వీలుంది, అవసరమైనప్పుడే తెరుచుకోవచ్చు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

అధికారులకు ఒక విన్నపం. ప్రతి నెలా 15న పింఛన్ల రోజు పంచాయతీ ఆఫీసు దగ్గర ఒక బల్ల వేయించండి. చీటీ, పాస్‌బుక్ చదివి చెప్పడానికి నాలాంటి రిటైరైనవాళ్లం వంతులవారీగా కూర్చుంటాం. జీతం అక్కర్లేదు. కుర్చీ కూడా ఇంటి నుంచే తెచ్చుకుంటాం.

– ఒక రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా