తప్పు కిట్‌ది కాదు, తూటాది

సంపాదక మహాశయా,

పిస్టల్ సాధనలో ఖర్చంతా తూటాలకే. 9 ఎంఎం తూటాలు కొనలేక వారానికి ఒకటి రెండు మ్యాగజైన్లతో సరిపెట్టుకునే షూటర్లకు, అదే పిస్టల్‌తో చిన్న, చౌక .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్) తూటా కాల్చనిచ్చే కన్వర్షన్ కిట్ మంచి దారి. ఫ్రేము, పిడి, ట్రిగ్గర్ పాతవే ఉంటాయి. స్లైడ్ (కాల్చినప్పుడు వెనక్కి జారే పై భాగం), బ్యారెల్ (గొట్టం), రీకాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ను ముందుకు తెచ్చేది), మ్యాగజైన్ మాత్రం మారతాయి. కోల్ట్ సంస్థ 1930లలోనే తన .45 పిస్టల్‌కు ఇలాంటి కిట్ తెచ్చింది.

అయినా చాలామంది నాలుగు రోజులు కాల్చి, "ఊరికే ఇరుక్కుంటోంది" అంటూ దాన్ని మూలన పడేస్తున్నారు. అది కిట్‌కు అన్యాయం. ఈ చిన్న తూటా వెనక్కి తన్నే బలం తక్కువ. స్లైడ్‌ను సాధారణంగా అల్యూమినియంతో తేలిగ్గా చేసేది అందుకే. ఆ తేలిక స్లైడ్ కూడా పూర్తిగా వెనక్కి వెళ్లాలంటే చాలా కిట్లకు హై వెలాసిటీ తూటా కావాలి. అంటే 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల) గుండు సెకనుకు సుమారు 370 మీటర్ల వేగంతో వెళ్లాలి. 320, 330 మీటర్ల టార్గెట్ తూటా వేస్తే స్లైడ్ సగంలోనే ఆగి, ఖాళీ షెల్ బయటపడక నొక్కుకుపోతుంది. రెండు మూడు రకాలు తెచ్చి ఒక్కోదాన్ని 50 చొప్పున కాల్చి చూడండి. ఆగకుండా నడిచిన రకాన్నే పెట్టెలకొద్దీ కొనండి.

రెండో కారణం మ్యాగజైన్ నింపే తీరు. ఈ తూటాకు అడుగున అంచు బయటికి ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందుండాలి, వెనక పడితే రెండూ కొక్కెంలా పట్టుకుంటాయి. మ్యాగజైన్ పక్కన స్ప్రింగ్‌ను కిందికి దించే బటన్‌ను అడుగుదాకా లాగి తూటాలు జారవిడిస్తే జరిగేది ఇదే. ఒక్కో తూటాకు సరిపడా మాత్రమే లాగాలి.

సీసం, మైనం పేరుకునే వేగం కూడా ఎక్కువే. 200 నుంచి 300 తూటాలకోసారి ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు), ఖాళీ షెల్‌ను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం శుభ్రం చేయాలి. నూనె స్లైడ్ జారే పట్టాలకే, ఛాంబర్‌లోకి వద్దు. ఖాళీ ఛాంబర్ మీద ట్రిగ్గర్ నొక్కే అలవాటు ఇక్కడ మానుకోవాలి. చాలా కిట్లలో ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే సూది) నేరుగా ఛాంబర్ అంచుకు తగిలి గాటు పెడుతుంది, ఆపై తూటా సరిగా కూర్చోదు.

తూటా పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగి తీయండి. శబ్దం మందంగా వస్తే మరొకటి కాల్చకండి. పిస్టల్ ఖాళీ చేసి, గుండు గొట్టంలో ఇరుక్కుందేమో చూడాలి. కిట్ మార్చేముందు మ్యాగజైన్ తీసి, ఛాంబర్‌ను కంటితోనూ వేలితోనూ చూసుకుని, 9 ఎంఎం తూటాలను బల్ల మీద నుంచి తీసేయాలి. కిట్ బ్యారెల్‌కు విడిగా లైసెన్స్ అడిగే దేశాలున్నాయి కాబట్టి కొనేముందే అధికారులను అడగడం మేలు.

ట్రిగ్గర్ నొక్కడం, సైట్లు కుదుర్చుకోవడం ఈ కిట్‌తో బాగా వస్తాయి. రీకాయిల్‌ను (వెనక్కి తన్నే బలాన్ని) అదుపు చేయడం మాత్రం రాదు. అందుకే ఐదు .22 మ్యాగజైన్లు కాల్చాక ఒక్కటైనా 9 ఎంఎం కాల్చి ముగించాలి. సైట్లు స్లైడ్ మీదే ఉంటాయి గనుక అసలు స్లైడ్ గురి చెడదు. కిట్ గురిని మాత్రం విడిగా సరిచేసుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు