నిమ్మ ఉప్పు నీళ్ళలో విమానం

వుల్వర్‌హాంప్టన్,
అక్టోబరు 2013

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మా పిల్లలూ కులాసానా? జవాబు రాయడానికి నెల పట్టింది, కోప్పడకు. మొన్న శనివారం చూసిన సంగతి నీకు చెబితే తప్ప నిద్రపట్టేలా లేదు.

మా ఊరికి దగ్గర్లో కోస్‌ఫర్డ్‌లో బ్రిటిష్ వైమానిక దళం మ్యూజియం ఉంది. జూన్‌లో సముద్రంలోంచి తీసిన జర్మన్ బాంబర్‌ని అక్కడికే తెచ్చారు. పేరు డోర్నియర్ 17. సన్నగా పొడుగ్గా ఉంటుందని ‘ఎగిరే పెన్సిల్’ అనేవాళ్ళట. 1940 ఆగస్టు 26న ఇంగ్లండ్ మీద దాడికి వచ్చి, దెబ్బతిని, కెంట్ తీరంలో గుడ్‌విన్ ఇసుక తిన్నెల దగ్గర నీళ్ళలో పడింది. నలుగురిలో ఇద్దరు బతికి పట్టుబడ్డారు, ఇద్దరు పోయారు. విమానం వెల్లకిలా తిరగబడి సుమారు 15 మీటర్ల లోతున ఉండిపోయింది. 2008లో డైవర్ల కంటపడింది. వెయ్యికి పైగా తయారైన ఈ రకంలో లోకం మొత్తం మీద మిగిలింది ఇదొక్కటేరా!

పైకి తీయడానికి నానా అవస్థా పడ్డారు. ముందు కింద ఒక చట్రం కట్టి ఎత్తుదామనుకున్నారు. వాతావరణం వారాల తరబడి సాగనివ్వలేదు. డబ్బు, టైమ్ అయిపోతున్నాయి. చివరికి గట్టిగా ఉన్నచోట్ల తాళ్ళు తగిలించి, జూన్ 10న క్రేన్‌తో లేపారు. టీవీలో చూస్తుంటే నాకే టెన్షన్ వచ్చింది, ఎక్కడ విరిగిపోతుందోనని. డెబ్బై మూడేళ్ళు నీళ్ళలో నానినా చక్రాల టైర్లలో గాలి అలాగే ఉందట!

అసలు పని ఆ తర్వాతే మొదలైంది. అల్యూమినియం గిన్నెలో ఊరగాయ పెడితే మీ అమ్మగారు మనిద్దర్నీ ఎలా తిట్టారో గుర్తుందా? ఉప్పు తగిలి గిన్నె లోపలంతా తెల్లగా పొక్కి చిల్లులు పడింది. ఇక్కడా అదే తంటా. సముద్రపు ఉప్పు లోహంలోకి దిగిపోయింది. నీళ్ళలో ఉన్నంతకాలం ఎలాగో ఆగింది, గాలి తగలగానే తినేయడం మొదలుపెడుతుంది. అందుకని ఒడ్డుకు రాగానే తడి ఆరనివ్వకుండా, కూరగాయల తోటల్లో వేసేలాంటి రెండు పెద్ద ప్లాస్టిక్ గుడారాల్లో పెట్టి, పైనుంచి నీళ్ళు చల్లుతున్నారు. ఆ నీళ్ళలో ఏం కలిపారో తెలుసా? నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్! దాని పులుపు లోహాన్ని కొరక్కుండా కాస్త కాస్టిక్ సోడాతో సరిచేస్తారు. లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు పరీక్షలు చేసి తేల్చిన పద్ధతి ఇది. మన ఇళ్ళలో ఇత్తడి బిందెలకి చింతపండు రుద్దినట్టే అనిపించి, అక్కడే కాసేపు నిలబడిపోయాను.

రెక్క మీద గుల్లలు గుత్తులుగా అంటుకుని ఉన్నాయి. వాటి మధ్యలో వరసగా రివెట్లు, ఒక్కటీ వంకర లేకుండా. ఆ వరస కొట్టిన మనిషి ఎవరో అనుకున్నాను. వంగిపోయిన ప్రొపెల్లర్ చూస్తే మాత్రం గొంతు పట్టుకుపోయింది. శత్రువుల విమానమే, బాంబులెయ్యడానికే వచ్చింది. అయినా ఆ ఇద్దరు కుర్రాళ్ళ తల్లులే గుర్తొచ్చారు. ఇన్నేళ్ళకి వీళ్ళు దాన్ని ఇంత ఓర్పుగా కడుగుతుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఉప్పంతా వదలడానికి ఇంకా చాలాకాలం పడుతుందట. నెలకోసారైనా వెళ్ళి చూసొస్తాను. అన్నట్టు, కాకినాడ రేవులో లాంచీల అడుగున పట్టిన గుల్లల్ని మీ వర్క్‌షాప్ వాళ్ళు దేంతో తీస్తారు? రేకు గీసుకుపోకుండా ఎలా? వివరంగా రాయి.

నీ
రఘు