శుక్రవారం ఒకటిన్నర వేళ పీరియడ్

సంపాదకుల వారికి,

రంజాన్ దగ్గరపడగానే, కాలేజీల్లో ముస్లిం విద్యార్థులకు హాజరులో సడలింపు ఇవ్వాలా వద్దా అన్న వాదన మొదలవుతుంది. సడలింపు అడగడమే పొరపాటని నా అభిప్రాయం. సరిచేయవలసింది టైంటేబుల్‌ను.

రోజుకు ఐదు పూటల నమాజులో సాధారణంగా తరగతి వేళల్లో పడేది మధ్యాహ్నపు నమాజు జుహర్ ఒక్కటే. హైదరాబాద్‌లో దాని వేళ కాలాన్ని బట్టి 12 నుంచి 12.30 మధ్య మొదలై మూడు గంటలకు పైగా ఉంటుంది. వుజూతో, అంటే ముందు ముఖం, కాళ్లూచేతులూ కడుక్కోవడంతో, కలిపి పావుగంట పని. భోజన విరామంలోనే అయిపోతుంది. కావలసిందల్లా ఒక కుళాయి, చాప పరుచుకునేంత జాగా. అమ్మాయిలకు వెయిటింగ్ రూంలో ఓ మూల చాలు.

చిక్కల్లా జుమా, అంటే శుక్రవారం మధ్యాహ్నపు నమాజు, దగ్గరే. దాన్ని జమాత్‌తోనే, అంటే అందరితో కలిసే, చదవాలి, ఆ వేళ మసీదు పెట్టినదే. చాలా మసీదుల్లో ఒకటింబావుకీ రెండింటికీ మధ్య జరుగుతుంది. కాలేజీల్లో భోజన విరామమేమో పన్నెండున్నరకు మొదలై ఒంటిగంట దాటగానే ముగుస్తుంది. దాంతో ఒకటిన్నర వేళ జరిగే పీరియడ్ ప్రతివారం పోతుంది. వారానికి 36 పీరియడ్లలో ఒకటి పోతే మూడు శాతం కూడా కాదు, దానికింత గొడవేమిటని అడిగేవారున్నారు. మొత్తం హాజరు చూస్తే నిజమే. సబ్జెక్టువారీగా లెక్కించే చోట సంగతి వేరు. వారానికి నాలుగు పీరియడ్లుండే సబ్జెక్టులో ఒకటి ఎప్పుడూ శుక్రవారం ఆ వేళకే పడితే, 16 వారాల్లో 64కు 48 మిగులుతాయి. అంటే సరిగ్గా 75 శాతం, కనీసం ఉండాల్సిన హాజరు అంతే. ఒక్కరోజు జ్వరం వస్తే ఆ కుర్రాడు గీత కిందికి పోతాడు. మూడు పీరియడ్ల సబ్జెక్టయితే జ్వరం కూడా అక్కర్లేదు, 66 శాతం దగ్గరే ఆగిపోతాడు.

ఆ పూట ల్యాబ్ వేస్తే మరీ నష్టం. ఆలస్యంగా వచ్చినవాడికి పరికరాలు దొరకవు, రీడింగులు పక్కవాడి రికార్డు చూసి ఎక్కించుకోవాలి. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో 65, 75 శాతాల మధ్య ఉన్నవారికి తగిన కారణం చూపి, రుసుము కడితే మినహాయింపు దొరుకుతుంది. నమాజుకు వెళ్లినవాణ్ని మెడికల్ సర్టిఫికెట్ వెతుక్కునే స్థితికి నెట్టడం ఎవరికీ గౌరవం కాదు.

పరిష్కారం చిన్నది. శుక్రవారం ఒక్కరోజు భోజన విరామం ఒంటిగంట నుంచి రెండు దాకా పెట్టాలి. మామూలు 40 నిమిషాల మీద అదనంగా కావలసింది 20. నాలుగు పీరియడ్లలో ఐదేసి నిమిషాలు తగ్గిస్తే సరిపోతుంది. ల్యాబ్‌ను ఉదయం పూటకు మార్చాలి. కేరళ పాఠశాలల్లో శుక్రవారం మధ్యాహ్న విరామం ఎక్కువసేపు ఉండటం ఎప్పటినుంచో ఉన్నదే. విద్యార్థుల వంతు కూడా ఉంది. రెండో అజాన్ నుంచి నమాజు ముగించే సలాం దాకా అరగంట మించదు. అంతకుముందు ఉర్దూలో సాగే బయాన్ (ప్రసంగం) వినడం మంచిదే గానీ, అది తప్పినా జుమా తప్పినట్టు కాదు. దగ్గరి మసీదులో జమాత్ రెండింటికైతే, ఒకటింబావుకు జరిగే మసీదు చూసుకోవాలి. అభ్యర్థన శాఖాధిపతికి (హెచ్‌ఓడీ) సెమిస్టర్ మొదలయ్యే ముందే చేరాలి. టైంటేబుల్ గోడకెక్కాక అడిగితే ఒక్క పీరియడ్ కదపడానికి నలుగురు అధ్యాపకులు కదలాలి, అందుకే కాదంటారు.

ఇక రంజాన్. చాంద్రమాన సంవత్సరం 354 లేదా 355 రోజులే కాబట్టి ఈ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తుంది. 2025లో ఇక్కడ మార్చి 2న మొదలైంది. తెలంగాణ ఇంటర్ పరీక్షలు మార్చి 5 నుంచి 25 దాకా జరిగాయి, అంటే పరీక్షలన్నీ ఉపవాసంలోనే. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరోసారి వస్తుంది. నెల రోజులు పరీక్షలు ఆపమనడం కుదరదు, ఆపనక్కర్లేదు కూడా. ఉదయం పూట పెడితే చాలు. సహరీ (ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే భోజనం) తిని ఐదారు గంటలైనవాడికీ, మార్చి ఎండలో రెండింటికి ప్రశ్నపత్రం అందుకునేవాడికీ తేడా ఉంటుంది. ఆ నెలలో ముస్లిం ఉద్యోగులను ప్రభుత్వం నాలుగింటికే వదులుతుంది. విద్యార్థులకు అది అవసరమని నేననుకోను. ఉపవాసం విరమించే ఇఫ్తార్ మార్చిలో ఆరుంబావు దాటాకే.

హాస్టల్ మెస్ మాత్రం మారాలి. ఉపవాసమున్నవాడు టిఫిన్, మధ్యాహ్న భోజనం వదిలేస్తాడు. ఆ రెండే సహరీ, ఇఫ్తార్‌గా మారితే అదనపు మెస్ బిల్లు ఉండదు. వారం ముందే పేర్లు రాయించుకుంటే లెక్క తేలుతుంది. రాత్రి పదింటికి వండి మూతపెట్టిన పప్పు, సాంబారు ఎండాకాలం తెల్లవారుజామున నాలుగున్నరకు పులిసిపోతాయి. ఒక వంటమనిషిని మూడున్నరకు రమ్మంటే ఖిచిడీ, ఖట్టా (పుల్లటి పులుసు), ఉడికించిన గుడ్లు గంటలో తయారు. ఆ మనిషికి అదనపు కూలి ఇవ్వాలి, ఇది ఎవరూ తలవరు.

రంజాన్ రాత్రుల్లో చదివే ప్రత్యేక నమాజు తరావీహ్‌లో ఖురాన్ మొత్తం వినాలనుకునే విద్యార్థులకు, దాని ముప్పై పారాల్లో (భాగాల్లో) రాత్రికి మూడు చొప్పున పది రాత్రుల్లో ముగించే మసీదులు నగరంలో ఉన్నాయి. ఆ తర్వాత చిన్న సూరాలతో (అధ్యాయాలతో) చదివే జమాత్‌కు వెళితే గంట మిగులుతుంది. సహరీ అయ్యాక పడుకుని తొమ్మిదింటి క్లాసు ఎగ్గొట్టడానికి మతం కారణం కాదు. రోజూ నాలుగు కప్పుల టీ తాగేవారు వారం ముందు నుంచే తగ్గించుకుంటే మొదటి రోజుల తలనొప్పి చాలావరకు తప్పుతుంది.

చివరగా పండుగ తేదీ. బక్రీద్ ఎప్పుడో నెలవంకను బట్టి పది రోజుల ముందే తేలుతుంది. రంజాన్ ఈద్ సంగతి అలా కాదు. 29వ ఉపవాసం నాటి సాయంత్రం గానీ తెలియదు. కాబట్టి పరీక్షల విభాగం వారు ఒక్క తేదీ కాక, వచ్చే అవకాశమున్న రెండు తేదీలూ ఖాళీగా ఉంచాలి. 2025 జనవరి 15న జరగాల్సిన అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్‌ను సంక్రాంతి, పొంగల్ కారణంగా, దాన్ని నిర్వహించే ఎన్‌టీఏ వాయిదా వేసింది. మంచి పనే, అయితే తేదీలు ప్రకటించాక చేసింది. ఈద్ విషయంలో విశ్వవిద్యాలయాలు ఆ పని అకడమిక్ క్యాలెండర్ రాసేటప్పుడే చేయాలి.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, మెహిదీపట్నం, హైదరాబాద్