జలగలు కావు, నత్తలే

సంపాదకునికి,

వానలు పడగానే పెరటి గోడల మీద పాకే నల్లని జీవుల ఫొటో వేసి, మీ జిల్లా పేజీలో వాటిని జలగలన్నారు. ముందుకు చాచే రెండు జతల కొమ్ములు, పై జత కొసన కళ్లు చూస్తే ఆ అనుమానం రాదు. అవి గుల్ల లేని నత్తలు. రక్తం తాగవు, రాత్రిపూట ఆకులు కొరుకుతాయి.

గుల్ల లేని నత్తలన్నీ ఒకే వంశం కాదు. గుల్ల ఉన్న నత్తల్లోనే వేర్వేరు శాఖలు, వేర్వేరు కాలాల్లో దాన్ని వదులుకున్నాయి. ఐరోపా తోటల్లోని లైమాక్స్ అనే గుల్ల లేని నత్తకు వీపు మీది తోలు మడత కింద చిన్న గుల్ల పలక ఇంకా మిగిలే ఉంది. కుడి పక్కన శ్వాసరంధ్రం తెరుచుకోవడం, మూసుకోవడం కంటికి కనిపిస్తుంది. మన పెరళ్లలో కనిపించే లెవికాలిస్ ఆల్టే అనే జాతికి ఆ పలకా లేదు, ఆ రంధ్రమూ లేదు. వెరోనిసెల్లిడే కుటుంబానికి చెందిన ఇది ఆఫ్రికా నుంచి వచ్చింది. పడమటి కనుమల్లోని మరియెల్లా అనే మరో గుల్ల లేని నత్తది మళ్లీ వేరే కుటుంబం.

వార్తలో రాయాల్సింది ఒకటుంది: ఎలుకల ఊపిరితిత్తుల్లో ఉండే ఒక నులిపురుగు లార్వాలను ఇవి మోయగలవు. పిల్లలను ఒట్టి చేతులతో తాకనివ్వవద్దని, ఆకుకూరలు బాగా కడిగి వండుకోవాలని సవరణతో పాటు ప్రచురించండి.

– విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, తణుకు