కాలేయం మంచిదో కాదో ఐస్ పెట్టె చెప్పదు

సంపాదకుడు గారికి,

వరంగల్‌లో బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. అవయవదానం వార్తలు పేపర్లో కనబడితే వదలకుండా చదువుతాను. ఎవరెవరికి ఏ అవయవం అమర్చారో రాస్తారు. ఏది పనికిరాదని వదిలేశారో మాత్రం ఎక్కడా ఉండదు. ఈ ఉత్తరం దాని గురించే.

రెండేళ్ల కింద మా చుట్టాలబ్బాయి ఒకడు బైక్ ప్రమాదంలో బ్రెయిన్‌డెడ్ అయ్యాడు. చట్టం ప్రకారం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేశారు. అవయవదానం చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ వాళ్లు మాట్లాడారు, తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన డాక్టర్లు కిడ్నీలు తీసుకున్నారు, కాలేయం వద్దన్నారు. కొవ్వు బాగా పట్టింది, ఐస్‌లో గంటల తరబడి ఉన్నాక పనిచేస్తుందన్న నమ్మకం లేదన్నారు. వాళ్లను తప్పు పట్టను. అయితే ఆ తల్లి నన్ను పక్కకు పిలిచి, "మావోడు చుక్క ముట్టనోడు అన్నా, కాలేయం ఎట్ల ఖరాబైంది?" అని అడిగింది. తాగుడు ఒక్కటే కాదు, బరువు, షుగర్ వల్ల కూడా కొవ్వు చేరుతుందని చెప్పాను. నమ్మినట్టు లేదు. ఊళ్లో నలుగురూ ఏమనుకుంటారో అన్నదే ఆమె దిగులు.

తీసిన కాలేయాన్ని ప్రత్యేక ద్రావణంతో కడిగి, 4 డిగ్రీల చల్లదనంలో ఐస్ పెట్టెలో పంపడం దశాబ్దాల పద్ధతి. ఇంచుమించు పన్నెండు గంటలు ఆగుతుంది. కొవ్వు పట్టింది అంతసేపు తట్టుకోదు. పైగా పెట్టెలో అది నిద్రపోతున్నట్టే. పనిచేస్తుందో లేదో రోగి కడుపులో కుట్టాకే తెలుస్తుంది.

ఐస్ పెట్టెకు బదులు ఇప్పుడు పర్‌ఫ్యూజన్ యంత్రం అనేది ఉంది. అది అలా కాదు. 37 డిగ్రీల దగ్గర, ఆక్సిజన్ కలిపిన రక్తాన్ని, పోషకాలను కాలేయం రక్తనాళాల్లోకి పంపిస్తూ ఉంటుంది. కాలేయం అక్కడే పైత్యరసం కారుస్తుంది, రక్తంలో పేరుకున్న లాక్టేట్ అనే పదార్థాన్ని తగ్గిస్తుంది. గంటగంటకూ శాంపిల్ చూసి, అమర్చాలో వద్దో సర్జన్ ముందే తేల్చుకోవచ్చు. బ్లడ్ బ్యాంకులో ప్లేట్‌లెట్లు చూసుకున్నవాణ్ణి కాబట్టి నాకిది వింతగా లేదు. వాటిని ఫ్రిజ్‌లో పెడితే చెడతాయి, 22 డిగ్రీల్లో ఊపుతూ ఉంచితేనే అయిదు రోజులు నిలుస్తాయి.

ఈ యంత్రంలో ఉంచిన కాలేయాన్ని మొదట 2013లో లండన్‌లో మనిషికి అమర్చారు. 2018లో 220 మార్పిడుల మీద వచ్చిన పరిశోధనలో, ఐస్‌తో పోలిస్తే ఎక్కువ గంటలు నిలిపినా, పారేసిన కాలేయాలు సగానికి తగ్గాయి. నన్ను ఆలోచనలో పడేసింది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో తేలిన లెక్క. అందరూ వద్దన్న 31 కాలేయాలను యంత్రం మీద పరీక్షిస్తే 22 పనికొచ్చాయి. తీసుకున్న 22 మందీ మూడు నెలల తర్వాత బతికే ఉన్నారు. మా చుట్టాలబ్బాయి కాలేయం ఆ 22లో పడేదో, మిగతా తొమ్మిదిలో పడేదో.

2021లో హైదరాబాద్ మెట్రోలో గుండెను తరలిస్తే అందరం మెచ్చుకున్నాం. గుండెకు ఆ పరుగు కావాలి. వరంగల్ నుంచి కాలేయం మూడు గంటల్లో హైదరాబాద్ చేరుతుంది, రోడ్డు బాగానే ఉంది. అడ్డం వస్తున్నది, అది పనిచేస్తుందో లేదో అన్న అనుమానం. దాన్ని తీర్చే యంత్రం ఒక్కటైనా నిమ్స్‌లోనో ఉస్మానియాలోనో జీవన్‌దాన్ పేరున ఉంచి, జిల్లాలకు బృందం బయల్దేరినప్పుడు వెంట పంపాలి. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి వచ్చే కాలేయాలకు మొదటి హక్కు ఇవ్వాలి.

కాలేయం కాలేయానికీ యంత్రానికి కొత్త కిట్ కావాలి, అది చవక కాదు. ఆ ఖర్చు ఆరోగ్యశ్రీలోంచా, బడ్జెట్‌లోంచా అన్నది యంత్రం కొనకముందే జీవోలో రాయాలి. కిట్లు రాక గుడ్డ కప్పేసిన యంత్రాలు నా సర్వీసులో చాలా చూశాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
హనుమకొండ