అంగన్‌వాడీ పిల్లల చేతికి పెద్దల పారలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో అంగన్‌వాడీ పోషణ వాటిక, అంటే పిల్లల కూరగాయల తోట, ప్రారంభం ఫొటో వేశారు. అందరూ చూసే ఉంటారు. నాలుగేళ్ల పిల్ల చేతిలో పార, దాని కర్ర పిల్ల తల దాటిపోయింది. ఆ చిన్న చేతి మీద చెయ్యి వేసి ఒక అధికారి నవ్వుతున్నారు. పక్కన ఇంకో బాబు గునపం పట్టుకుని నిలబడ్డాడు, కాళ్లకు చెప్పులు కూడా లేవు. అది జారి పాదం మీద పడితే ఎవరిది బాధ్యత? అక్కడున్న ఇంతమంది పెద్దల్లో ఒక్కరికైనా తట్టలేదా?

పిల్లలకు మట్టి పని నేర్పాలని నాకెంతో ఇష్టం కాబట్టే ఈ కోపం. పెద్ద పార రెండు కిలోల దాకా తూగుతుంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు దాన్ని ఎత్తలేరు, ఎత్తినా దించాలనుకున్న చోట దించలేరు. అది కాదంటే ఫ్యాన్సీ షాపు ప్లాస్టిక్ సెట్టు కొనిస్తారు. ఇసుకలో ఆడుకోవడానికి అది సరే. మన ఎర్రమట్టి ఎండి గట్టిపడ్డాక రెండో పోటుకే దాని మెడ విరుగుతుంది. తనకే చేతకాలేదని పిల్ల ఏడుస్తుంది.

కావలసింది ఇనుముతో చేసిన చిన్న పనిముట్టు. పిడి పిల్లల గుప్పిట్లో ఇమడాలి, అంచు గుండ్రంగా ఉండాలి, కర్రకు పేళ్లు లేకుండా నున్నగా చివ్వాలి. మా మనవరాలికి కమ్మరి చేత అలాంటి బొరిగె ఒకటి చేయించాం. మట్టి గుల్ల చేసి, వేలి మొదటి కణుపు దాకా గుంట పెట్టి, ఒక్కో బెండ గింజా వేసి కప్పుతుంది. మర్నాడు పళ్లు తోమకముందే వెళ్లి, మొలిచిందేమోనని తవ్వి చూస్తుంది. చూడనివ్వాలి. నీళ్లకు లీటరు డబ్బా చాలు, మూతకు సన్న మేకుతో కన్నాలు పెడితే జల్లుగా పడతాయి. మగ్గుతో కుమ్మరిస్తే తోటకూర గింజలన్నీ కొట్టుకుపోయి మడి చివర కుప్పపడతాయి.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లోనే రోమ్‌లో పిల్లల బడి పెట్టి సామానంతా వాళ్ల కొలతకే ఉండాలని చెప్పింది. 1939లో మద్రాసు అడయార్‌కు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా నాలుగేళ్ల పిల్లకు పెద్దల పార ఇస్తున్నామంటే ఏమనాలి?

మట్టిలో చెయ్యి పెడితే నులిపురుగులు వస్తాయని కొందరు తల్లులు భయపడుతున్నారు. చెప్పులు వేసి, పనయ్యాక సబ్బుతో చేతులు కడిగిస్తే చాలావరకు టెన్షన్ తగ్గుతుంది. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఎలాగూ ఉంది. కానీ కడగడానికి కేంద్రంలో నీళ్లుండాలి కదా! కుళాయి ఉంటుంది, నీళ్లు రావు. బడుల్లో పోషణ తోటలు పెట్టాలని 2019లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది. మన దగ్గర మిగిలినవి బోర్డులే. ఎండాకాలం సెలవుల్లో మొక్కలకు నీళ్లు పోసే మనిషి లేడు. జూలైలో వనమహోత్సవం అంటే నిరుడు మొక్క చచ్చిన గుంటలోనే మళ్లీ మొక్క. రిజిస్టర్లు, ఫోన్ యాప్, తూకాలు, భోజనం అన్నీ అంగన్‌వాడీ నడిపే దీదీ నెత్తిన వేసి, తోట కూడా ఆవిడే చూసుకోవాలంటే ఎలా? పైగా కాగితాలన్నీ ఒడియాలోనే వస్తాయి. ఒడిశాలో మన గజపతి జిల్లా ఏర్పడింది 1992లో. ఇక్కడ తెలుగు మాట్లాడే తల్లులు ఇంతమంది ఉన్నారని ఇన్నాళ్లకైనా అధికారులకు గుర్తుండాలి. పిల్లలు ఏం విత్తారో ఇంటికి రెండు తెలుగు ముక్కలు రాసి పంపితే తల్లులే విత్తనాలు తెచ్చిస్తారు.

జూన్‌లో వానలు పడేలోపు ఒక్కో అంగన్‌వాడీ కేంద్రానికి పది చిన్న బొరిగెలు చేయించండి. కొలిమి నడుపుతున్న కమ్మరులు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. టెండరు పేరుతో ఎక్కడినుంచో ప్లాస్టిక్ సెట్లు దించవద్దు. ప్రతి పిల్లకూ మూరెడు మడి విడిగా ఇచ్చి, ముందు తోటకూర చల్లించండి. నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది, నెల తిరిగేలోపు వాళ్ల పప్పులోకి వస్తుంది.

— ఒక అమ్మమ్మ, పర్లాకిమిడి, గజపతి జిల్లా