కింది పోర్షన్ అక్కకి, అంగన్‌వాడీ టీచర్ గారికి, ఆయమ్మకి

మా పాపకి నిన్నటితో ఆరు నెలలు నిండి ఏడో నెల వచ్చింది. ఈరోజు పొద్దున అంగన్‌వాడీలో తన పేరు మీద మొదటి బాలామృతం ప్యాకెట్ ఇచ్చారు, చిన్నపిల్లలకి జావ కాచి పెట్టే పిండి, 2.5 కిలోలది, నెలకి 16 గుడ్లు కూడా వస్తాయట. ప్యాకెట్ పట్టుకుని ఇంటికి నడుస్తుంటే ఏడుపొచ్చేసింది. ఈ మాటలు ఇవాళే రాయాలనిపించింది.

మాది పలాస. మా ఆయన పని కోసం హైదరాబాద్ వచ్చి బాచుపల్లి దగ్గర ఒక గది అద్దెకి తీసుకున్నాం. ఐదో నెలలో రక్త పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది, రక్తం బాగా తక్కువన్నమాట. పాలు, గుడ్లు, ఆకుకూరలు బాగా తినమన్నారు. తినాలనే ఉంటుంది, కానీ అద్దె, స్కానింగులు, మందులు పోగా పాల ప్యాకెట్ కూడా లెక్క చూసుకునే కొనేదాన్ని. అంతకుముందు ఒకచోట అంగన్‌వాడీ తిండి గురించి అడిగితే, ఆధార్‌లో ఆంధ్రా అడ్రస్ ఉంది, ఇక్కడి రేషన్ కార్డు లేదు, మీకు రాదు అని పంపేశారు. మా బియ్యం కార్డు ఊళ్లో అత్తగారి దగ్గరుంది. మనకి అర్హత లేదులే అనుకుని మళ్లీ ఎవర్నీ అడగలేదు.

ఒకరోజు నీళ్ల బిందెతో మెట్ల మధ్యలో ఆయాసమొచ్చి కూర్చుండిపోతే కింది పోర్షన్ అక్క చూసింది. "అంగన్‌వాడీల పేరు రాయించినవా?" అని అడిగి, రాదన్నారని చెబితే, చెప్పులేసుకుని అప్పటికప్పుడు నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది.

టీచర్ గారు ఒకటే అన్నారు: "దీనికి రేషన్ కార్డుతో పని లేదమ్మా, జీతం ఎంతని కూడా అడగం." 2013 ఆహార భద్రత చట్టంలోనే ఉంది ఇది, గర్భిణులకీ, కాన్పయ్యాక ఆరు నెలల వరకు తల్లులకీ, ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలకీ అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా తిండి అందాలని. నాకు ఎవరూ చెప్పలేదు, అంతే.

అసలు టెన్షన్ ఫోన్ దగ్గర మొదలైంది. మూడో నెలలో పుట్టింటికి వెళ్లినప్పుడు అమ్మ అక్కడి సెంటర్‌లో నా పేరు రాయించింది, అందుకని ఇక్కడ టీచర్ గారి ఫోన్‌లో పోషణ్ ట్రాకర్‌లో, అంటే అంగన్‌వాడీ పేర్లు రాసే యాప్‌లో, కొత్తగా ఎక్కించబోతే తీసుకోవట్లేదు. పైగా ఆధార్‌కి ఉన్నది ఎప్పుడో పోయిన సిమ్ నంబరు, ఓటీపీ రాదు. టీచర్ గారు విసుక్కోలేదు. మా ఊరి టీచర్ నంబరు కనుక్కుని తనే మాట్లాడి పేరు ఇక్కడికి మార్పించారు. నంబరు మార్చుకోవడానికి ఆధార్ సెంటర్‌కి అక్కే తోడొచ్చింది, ఆ రోజు కూలి పోగొట్టుకుని.

గర్భిణులకీ బాలింతలకీ అంగన్‌వాడీలో పెట్టే ఆరోగ్యలక్ష్మి భోజనం అక్కడే కూర్చుని తినాలి. అన్నం, పప్పు, ఆకుకూర, ఉడికించిన గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. గుడ్డు ఇంటికి పట్టుకెళ్తానంటే ఆయమ్మ అస్సలు ఒప్పుకునేది కాదు, "ఇంటికి పోతే మీ ఆయనకు పెడతవ్, నాకెరుక" అని నా ఎదురుగానే కూర్చునేది. ఆయమ్మా, నువ్వన్నది నిజమే, పెట్టేసేదాన్ని. ఐరన్ మాత్ర కూడా నీ ముందే మింగించావు. కాన్పుకి వెళ్లేటప్పటికి హిమోగ్లోబిన్ 10.6. పాప 2 కిలోల 800 గ్రాములతో పుట్టింది. అమ్మ దగ్గర లేని ఆ నెలల్లో ఎవరైనా తిన్నావా అని అడిగారంటే మీరే.

అద్దె ఇళ్లలో ఉంటూ, కార్డు ఊళ్లో ఉండిపోయి, మాకు రాదేమో అని ఆగిపోయిన వాళ్లు ఇది చదువుతుంటే ఆధార్ పట్టుకుని దగ్గర్లో ఉన్న సెంటర్‌కి వెళ్లండి. ఒకరు కాదన్నారని నాలాగా రెండు నెలలు పోగొట్టుకోకండి.

అక్కా, నీ కూలి డబ్బులిస్తే తీసుకోలేదు. పాప మొదటి జావ నీ చేత్తోనే పెట్టించాలని ఉంది, సాయంత్రం పైకి రా. టీచర్ గారూ, రేపు బరువు చూసే రోజని గుర్తుంది, పదింటికల్లా పాపని తీసుకొచ్చేస్తాను.